బ్యాటరీ డిజైన్ సాఫ్ట్‌వేర్ పేటెంట్లు: క్లెయిములోని మాటకు అర్థం తేల్చడం ఎలా

"మాడ్యూల్" అనే మాట వినగానే బ్యాటరీ ఇంజినీరుకు కొన్ని సెల్‌లను కలిపి బిగించిన పెట్టె గుర్తొస్తుంది. ప్రోగ్రామరుకు కోడ్‌లో ఒక భాగం గుర్తొస్తుంది. అమెరికా పేటెంట్ న్యాయవాదికి 2015 నాటి ఒక తీర్పు గుర్తొచ్చి, ఈ క్లెయిము (పేటెంటు హక్కు ఎంతవరకో చెప్పే వాక్యం) అసలు నిలుస్తుందా అన్న అనుమానం మొదలవుతుంది. బ్యాటరీ డిజైన్ సాఫ్ట్‌వేర్ పేటెంట్లలో ఇలాంటి మాటలు అడుగడుగునా తగులుతాయి. సెల్ అంటే విద్యుత్తునిచ్చే సెల్ కావచ్చు, సిమ్యులేషన్ మెష్‌లో ఒక గడి కావచ్చు. సైకిల్ అంటే ఛార్జింగ్, డిశ్చార్జింగ్ కలిసిన ఒక ఆవృత్తి కావచ్చు, ప్రాసెసర్ గడియారపు లెక్క కావచ్చు. మోడల్ సంగతి ఇక చెప్పనక్కర లేదు.

హైదరాబాదులో కూర్చుని అమెరికా, యూరప్ కంపెనీలకు సిమ్యులేషన్ కోడ్ రాసే తెలుగు ఇంజినీర్లు ఎందరో ఉన్నారు. మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో అమరరాజా గిగా కారిడార్‌కు 2023లో శంకుస్థాపన జరిగాక సెల్ తయారీ మాట కూడా మన గుమ్మంలోనే వినబడుతోంది. "మన సాఫ్ట్‌వేర్ ఫలానా పేటెంటు పరిధిలో పడుతుందా?" అన్న ప్రశ్న బల్ల మీదికి వచ్చినప్పుడు, న్యాయవాది దగ్గరికి వెళ్లేలోపు ఇంజినీరు చేయగలిగిన చదువు చాలా ఉంది. ఈ మార్గదర్శి ఆ చదువు కోసం. న్యాయవాది ఇచ్చే అభిప్రాయానికి ఇది బదులు కాదు. ఎక్కువ వివాదాలు నడిచేది అమెరికాలో కాబట్టి అక్కడి చట్టాన్ని వెన్నెముకగా తీసుకుంటున్నాను. భారత్, యూరప్‌లలో దారి మారిన చోట ఆ సంగతి చెబుతాను.

పని నేర్చుకోవడానికి ఒక క్లెయిము కావాలి. ఇది నేను కల్పించినది, ఏ పేటెంటులోనిదీ కాదు:

"బ్యాటరీ ప్యాక్‌ను రూపొందించే కంప్యూటర్ ఆధారిత పద్ధతి. ఇందులో ఉండేవి: (క) అనేక సెల్‌ల పరామితులను స్వీకరించడం, (ఖ) ఆ పరామితులను తీసుకుని, విద్యుద్రసాయన నమూనా ఆధారంగా ప్యాక్ ఉష్ణ స్పందనను రియల్ టైమ్‌లో అంచనా వేసేలా కాన్ఫిగర్ చేసిన సిమ్యులేషన్ మాడ్యూల్‌ను నడపడం, (గ) అంచనాలో వచ్చిన గరిష్ఠ ఉష్ణోగ్రత దాదాపు 45 డిగ్రీల సెల్సియస్‌కు తగ్గేవరకు కనీసం ఒక డిజైన్ పరామితిని మార్చడం."

చూడడానికి అమాయకంగా ఉంది. దీనిలో కనీసం ఆరు మాటల మీద కోర్టులో వాదించవచ్చు.

మొదటి మెట్టు: సరైన కాగితం చేతికి తెచ్చుకోండి

గూగుల్ పేటెంట్స్‌లో మొదట కనబడిన పత్రాన్ని చదివి భయపడిపోయేవాళ్లు చాలామంది. అమెరికా పత్రం నంబరు చివర ఏ1 అని ఉంటే అది ప్రచురించిన దరఖాస్తు మాత్రమే, హక్కు ఇంకా పుట్టలేదు. బీ1 లేదా బీ2 అని ఉంటేనే మంజూరైన పేటెంటు. దరఖాస్తులో విశాలంగా మొదలైన క్లెయిములు పరీక్ష పూర్తయ్యేసరికి చాలా చిక్కిపోతాయి. కాబట్టి మంజూరైన రూపమే చదవాలి. ఆ తరువాత దిద్దుబాటు సర్టిఫికెట్ గానీ, పునఃపరిశీలనలో క్లెయిములు రద్దయిన సర్టిఫికెట్ గానీ వచ్చిందేమో చూడాలి.

అదే పేజీలో ప్రాధాన్యత తేదీ (ఈ ఆవిష్కరణకు మొదటి దరఖాస్తు వేసిన తేదీ) రాసుకోండి. మాటకు అర్థం ఆ తేదీ నాటిదే. మన ఉదాహరణకు ఆ తేదీ 2013 అనుకుందాం. భారత పేటెంటయితే పేటెంట్ కార్యాలయపు ఇన్‌పాస్ వెబ్‌సైటులో దరఖాస్తు నంబరు కొడితే దస్త్రం మొత్తం తెరుచుకుంటుంది. అమెరికాకు పేటెంట్ సెంటర్ ఉంది.

రెండో మెట్టు: క్లెయిమును ముక్కలు చేయండి

క్లెయిముకు మూడు భాగాలుంటాయి: పీఠిక, సంధి పదం, శరీరం. మన ఉదాహరణలో "బ్యాటరీ ప్యాక్‌ను రూపొందించే కంప్యూటర్ ఆధారిత పద్ధతి" పీఠిక. "ఇందులో ఉండేవి" సంధి పదం. మిగిలినది శరీరం.

సంధి పదం చిన్నదే గానీ పట్టు దానిదే. ఆంగ్ల క్లెయిములో "కంప్రైజింగ్" అని ఉంటే తలుపు తెరిచి ఉన్నట్టు: చెప్పిన అంశాలన్నీ ఉంటే చాలు, మీ సాఫ్ట్‌వేర్‌లో అదనంగా వంద ఫీచర్లున్నా తప్పించుకోలేరు. "కన్సిస్టింగ్ ఆఫ్" అని ఉంటే తలుపు మూసినట్టు. సాఫ్ట్‌వేర్ పేటెంట్లలో రెండోది అరుదు.

పీఠిక పరిమితి అవుతుందా, వట్టి పరిచయమేనా అన్నది వేరే తగాదా. సాధారణంగా శరీరం ఒక్కటే పూర్తి ఆవిష్కరణను చెప్పగలిగితే పీఠికకు బలం తక్కువ. అయితే సాఫ్ట్‌వేర్ విషయంలో గుర్తుంచుకోవలసిన తీర్పు ఒకటుంది. డేటా ఇంజిన్ టెక్నాలజీస్, గూగుల్ మధ్య వ్యాజ్యంలో "త్రిమితీయ స్ప్రెడ్‌షీట్" అన్న మాట పీఠికలోనే ఉంది. ఆవిష్కరణ పేటెంటు దొరకని అమూర్త భావన కాదని నిరూపించుకోవడానికి పేటెంటుదారు ఆ మాటనే ఆసరాగా వాడుకున్నాడు. ఉల్లంఘన దగ్గరికి వచ్చేసరికి అది వట్టి పరిచయమన్నాడు. అమెరికాలో పేటెంట్ అప్పీళ్లు వినే కోర్టు, ఫెడరల్ సర్క్యూట్, 2021లో ఒప్పుకోలేదు. చెల్లుబాటుకు ఒక మాట, ఉల్లంఘనకు మరో మాట కుదరదన్న ఈ సూత్రం ముందు ముందు మళ్లీ అవసరమవుతుంది.

శరీరంలోని ఒక్కో పరిమితికి ఒక్కో వరుస కేటాయిస్తూ పట్టిక గీయండి. ఎడమ వైపు క్లెయిము మాటలు ఉన్నవి ఉన్నట్టుగా. కుడి వైపు ఖాళీ. ఆ ఖాళీలో మీ ఉత్పత్తిని ఇప్పుడే రాయకండి.

ఈ కట్టడి గురించి ఒక మాట. ఇంజినీర్లు సహజంగా చేసే పని, క్లెయిము చదువుతూనే "మేము ఇలా చేయం" అని తేల్చేయడం. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్నట్టు, తమ ప్రయోగశాలలో ఆ మాటకున్న అర్థమే అర్థం అనుకుంటారు. ఉత్పత్తి కళ్ల ముందుంటే చదువు దానికి అనుకూలంగా వంగుతుంది. అందుకే ఆ గడి చివరిదాకా ఖాళీగా ఉండాలి.

మూడో మెట్టు: తగాదా పడదగిన మాటలకు గీత గీయండి

ప్రతి మాటకూ అర్థం తేల్చనవసరం లేదు. ఏ మాట అర్థం మారితే ఫలితం మారుతుందో దానికే. మన క్లెయిములో అవి: సెల్, విద్యుద్రసాయన నమూనా, రియల్ టైమ్, కాన్ఫిగర్ చేసిన, సిమ్యులేషన్ మాడ్యూల్, గరిష్ఠ ఉష్ణోగ్రతతో పాటు దాదాపు 45 డిగ్రీలు.

దీనితో పాటే పూర్వపద సంబంధం చూడాలి. "ఆ పరామితులు" అన్నప్పుడు వెనక ఏ పరామితులు? "సదరు మాడ్యూల్" అన్నప్పుడు ఏ మాడ్యూల్? ఒకే క్లెయిములో సిమ్యులేషన్ మాడ్యూల్, బ్యాటరీ మాడ్యూల్ రెండూ వచ్చి, తరువాతి వరుసలో "సదరు మాడ్యూల్" అని మాత్రమే ఉంటే ఆ క్లెయిము ఇబ్బందిలో పడినట్టే.

ఇబ్బందిలో పడినంత మాత్రాన చచ్చిపోదు. బ్యాటరీ రంగం నుంచే ఇందుకు సాక్ష్యం ఉంది. పాదరసం కలపని ఆల్కలైన్ సెల్ మీద ఎనర్జైజర్‌కు ఒక పేటెంటు ఉండేది. క్లెయిములో ముందు "ఆనోడ్ జెల్" అని ఉంది. తరువాత ఎక్కడా పరిచయం చేయకుండా "సదరు జింక్ ఆనోడ్" అని వచ్చింది. అమెరికా అంతర్జాతీయ వాణిజ్య కమిషన్ ఇది అస్పష్టమని కొట్టేసింది. 2006లో ఫెడరల్ సర్క్యూట్ ఆ నిర్ణయాన్ని తిప్పికొట్టింది: సందర్భాన్ని బట్టి జింక్ ఆనోడ్ అంటే ఆ ఆనోడ్ జెల్లేనని విషయం తెలిసినవారికి అర్థమవుతుందంది. 2008లో ఆ పేటెంటు వేరే కారణంతో, స్పెసిఫికేషన్ (పేటెంటులో ఆవిష్కరణను వివరించే భాగం) మద్దతు చాలక, ఓడిపోయింది. అంటే వ్యాకరణ దోషం ఒక్కటి చూసుకుని ధీమాగా ఉండకూడదు.

నాలుగో మెట్టు: ఎవరి కళ్లతో, ఏ కాలంలో?

మాటకు అర్థం చెప్పేది ఆ రంగంలో సాధారణ నైపుణ్యం ఉన్న ఊహాత్మక వ్యక్తి. బ్యాటరీ డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో ఆ వ్యక్తి ఎవరన్నదే సగం యుద్ధం. విద్యుద్రసాయన శాస్త్రవేత్త అయితే "నమూనా" అనగానే సమీకరణాలు తలచుకుంటాడు. డేటా శాస్త్రవేత్త అయితే శిక్షణ పొందిన న్యూరల్ నెట్‌వర్క్ తలచుకుంటాడు. పేటెంటు ఏ సమస్యను పరిష్కరిస్తున్నదో చూసి నిర్ణయించండి. మన క్లెయిముకు బ్యాటరీ నమూనాల మీద పని చేసి, సంఖ్యాత్మక గణనం తెలిసిన ఇంజినీరు సరిపోతాడు.

ఇక కాలం. లిథియం అయాన్ సెల్‌కు ప్రామాణికమైన భౌతిక నమూనాను డాయల్, ఫుల్లర్, న్యూమన్ 1993లో ప్రచురించారు. న్యూమన్ బృందపు డ్యుయల్‌ఫాయిల్ ప్రోగ్రాము బహిరంగంగా అందుబాటులో ఉండేది. దాన్ని సులభం చేసిన ఏకకణ నమూనా ఉంది. రెసిస్టరు, కెపాసిటర్లతో సెల్‌ను అనుకరించే సమాన వలయ నమూనా ఉంది. 2010లో అమెరికా ఇంధన శాఖ బ్యాటరీల కంప్యూటర్ డిజైన్ కోసం కేబ్యాట్ పథకం మొదలుపెట్టింది. కాబట్టి 2013 నాటి నిపుణుడు "విద్యుద్రసాయన నమూనా" అన్న మాట వింటే ఎలక్ట్రోడులో అయాన్ల వ్యాపనాన్ని, చర్యా గతిని లెక్కించే నమూనా అని అనుకునే అవకాశమే ఎక్కువ. సమాన వలయ నమూనా అందులోకి వస్తుందా? అలవాటుగా రాదు. ఆ అలవాటును పేటెంటు స్వయంగా మార్చిందా అన్నది తరువాతి మెట్లలో తేలాలి.

అయిదో మెట్టు: పక్క క్లెయిములను సాక్షులుగా పిలవండి

అర్థానికి మొదటి ఆధారం క్లెయిముల మాటలే. ఇందులో దారి చూపింది 2005లో ఫెడరల్ సర్క్యూట్ పూర్తి ధర్మాసనం ఇచ్చిన ఫిలిప్స్ తీర్పు. తగాదా జైలు గోడల్లో వాడే ఉక్కు పలకల మీద. క్లెయిములో "ఉక్కు బాఫిల్స్" (లోపలి అడ్డుపలకలు) అని ఉంది. బాఫిల్స్ అంటేనే ఉక్కువని అర్థమైతే ముందు "ఉక్కు" అని ఎందుకు రాస్తారని కోర్టు అడిగింది. అవి తూటాలను పక్కకు మళ్లించే కోణంలోనే ఉండాలన్నది ప్రతివాది వాదన. ఆ కోణం సంగతి ఒక ఆధారిత క్లెయిము (ముందున్న క్లెయిముకు అదనపు షరతు చేర్చేది) విడిగా చెబుతున్నప్పుడు, స్వతంత్ర క్లెయిములోని బాఫిల్స్‌కు ఆ కోణం తప్పనిసరి కాదని కోర్టు తేల్చింది.

మన ఉదాహరణకు ఇదే తర్కం పెట్టండి. మూడో క్లెయిములో "ఆ విద్యుద్రసాయన నమూనా సమాన వలయ నమూనా అయినప్పుడు" అని ఉందనుకోండి. అప్పుడు మొదటి క్లెయిములోని మాట సమాన వలయాన్ని కూడా కలుపుకుంటుంది. నాలుగో మెట్టులో మనం వేసుకున్న అంచనా అక్కడే కూలిపోతుంది. ఆధారిత క్లెయిములను ఎవరూ సరిగా చదవరు, అవి చిన్నవి కదా అని. చాలా పేటెంట్లలో అసలు ఆట వాటిలోనే ఉంటుంది.

రెండు చిన్న సంగతులు. పద్ధతి క్లెయిములో (క), (ఖ), (గ) అని ఉన్నంత మాత్రాన అదే క్రమంలో జరగాలని లేదు. తర్కమో, భాషో ఆ క్రమాన్ని కోరితేనే. "ఏ, బీ, సీలలో కనీసం ఒకటి" అన్న జాబితా కనబడితే 2004 నాటి సూపర్‌గైడ్ తీర్పును గుర్తు చేసుకోండి. చివర "మరియు" ఉన్నందువల్ల ప్రతి వర్గం నుంచీ కనీసం ఒకటి కావాలని అక్కడ అన్వయించారు.

ఆరో మెట్టు: స్పెసిఫికేషన్ చదవండి, కానీ దానిని క్లెయిములోకి దించకండి

ఇక్కడ సన్నని గీత మీద నడవాలి. స్పెసిఫికేషన్ వెలుగులో క్లెయిము చదవాలి, స్పెసిఫికేషన్‌లోని ఉదాహరణను క్లెయిములోకి ఎక్కించకూడదు. బొమ్మలో చూపింది స్థూపాకార సెల్ కాబట్టి క్లెయిము స్థూపాకార సెల్‌కే పరిమితం అనడం చెల్లదు. దీనికి ఎదురు తప్పు కూడా ఉంది: పేటెంటులో ముఖ్యంగా చూపిన ఉదాహరణే బయట పడిపోయేలా అర్థం చెప్పడం. అలాంటి అర్థం సరైనది కావడం అరుదని 1996 నాటి విట్రానిక్స్ తీర్పు చెప్పింది.

సహజార్థం నుంచి తప్పుకోవడానికి అమెరికాలో రెండే దారులని 2012లో థార్నర్, సోనీ వ్యాజ్యం తేల్చింది. ఒకటి, పేటెంటుదారు తానే ఆ మాటకు స్పష్టమైన నిర్వచనం ఇవ్వడం. రెండు, పరిధిలో కొంత భాగాన్ని స్పష్టంగా వదులుకోవడం.

కాబట్టి పెన్సిలుతో వెతకవలసినవి ఇవి. "ఇక్కడ సెల్ అనగా" అంటూ మొదలయ్యే వాక్యాలు. "ప్రస్తుత ఆవిష్కరణ" అనే పదబంధం: "ఒక అమలు రూపంలో" అంటే ఉదాహరణ, "ప్రస్తుత ఆవిష్కరణలో" అంటే మొత్తం ఆవిష్కరణను కట్టేసే ప్రమాదముంది. పాత పద్ధతుల మీద చేసిన విమర్శ: "సమాన వలయ నమూనాలు లోపలి ఉష్ణోగ్రతను పట్టలేవు, అందుకే ఈ ఆవిష్కరణ" అని రాసి ఉంటే, అదే సమాన వలయాన్ని మళ్లీ తన పరిధిలోకి లాక్కోవడం పేటెంటుదారుకు కష్టమవుతుంది.

"రియల్ టైమ్" అర్థం కూడా ఇక్కడే దొరకాలి. వాహనంలోని బ్యాటరీ నియంత్రణ వ్యవస్థకు రియల్ టైమ్ అంటే మిల్లీసెకన్లు. డిజైన్ సాఫ్ట్‌వేర్ వాడే ఇంజినీరుకు, స్లైడరు జరిపిన కొద్ది సెకన్లలో రంగుల పటం మారితే అదే రియల్ టైమ్. స్పెసిఫికేషన్ ఏ పరిస్థితిని వర్ణిస్తున్నదో చూడండి. ఏదీ వర్ణించకపోతే, 2014లో నాటిలస్ వ్యాజ్యంలో అమెరికా సుప్రీంకోర్టు పెట్టిన కొలత ముందుకొస్తుంది: క్లెయిము పరిధి నిపుణుడికి సహేతుకమైన నిశ్చయంతో తెలియాలి. తెలియకపోతే క్లెయిము చెల్లదు.

ఏడో మెట్టు: దస్త్రంలో దరఖాస్తుదారు ఏమన్నాడో వినండి

నా దృష్టిలో సాఫ్ట్‌వేర్ పేటెంట్లకు అన్నిటికంటే విలువైన మెట్టు ఇదే. ఎక్కువమంది దాటేసేదీ ఇదే. ఎగ్జామినరుకు, దరఖాస్తుదారుకు మధ్య నడిచిన ఉత్తరప్రత్యుత్తరాలన్నీ బహిరంగమే.

బ్యాటరీ డిజైన్ సాఫ్ట్‌వేర్‌కు దాదాపు ప్రతి దేశంలోనూ ఒకే అభ్యంతరం ఎదురవుతుంది: ఇది వట్టి గణితం కదా? అమెరికాలో 2014 నాటి ఆలిస్ తీర్పు తరువాత ఇది మరీ పదునెక్కింది. 2016లో ఎలక్ట్రిక్ పవర్ గ్రూప్ వ్యాజ్యంలో విద్యుత్ గ్రిడ్ సమాచారాన్ని సేకరించి, విశ్లేషించి, చూపించే క్లెయిములను అమూర్త భావనలని కొట్టేశారు. భారత్‌లో 1970 పేటెంట్ల చట్టం సెక్షన్ 3(కె) గణిత పద్ధతులను, అల్గారిథమ్‌లను, కేవల కంప్యూటర్ ప్రోగ్రాములను పక్కన పెడుతుంది. 2016 మార్గదర్శకాలు కొత్త హార్డ్‌వేర్ కావాలన్నాయి. 2017లో ఆ షరతు తీసేశారు. సాంకేతిక ప్రభావం చూడాలని 2019లో ఫెరిద్ అల్లానీ వ్యాజ్యంలో ఢిల్లీ హైకోర్టు చెప్పింది. 2025లో మార్గదర్శకాలను మళ్లీ సవరించారు. యూరప్ పేటెంట్ కార్యాలయపు అప్పీళ్ల బోర్డు 2021లో ఇచ్చిన జీ 1/19 నిర్ణయం నేరుగా సిమ్యులేషన్ గురించే. అక్కడి విషయం భవనంలో జనం నడక, బ్యాటరీ కాదు. కానీ సూత్రం మనకూ తగులుతుంది: లెక్కలో వచ్చిన సంఖ్యలు ఏ సాంకేతిక ప్రయోజనానికి వాడతారో క్లెయిములో కనబడకపోతే ఆ సంఖ్యల బలం తక్కువ.

ఇంత వివరం ఎందుకంటే, ఈ అభ్యంతరం నుంచి తప్పించుకోవడానికి దరఖాస్తుదారు మాట ఇస్తాడు. "మా సిమ్యులేషన్ ఫలితం కాగితం మీద ఆగదు, దాని ఆధారంగా శీతలీకరణ వాహికల కొలతలు మారతాయి" అంటాడు. "మా నమూనా ఎలక్ట్రోలైట్‌లోని అయాన్ల రవాణాను లెక్కిస్తుంది, మామూలు వలయ నమూనాలా కాదు" అంటాడు. పేటెంటు వస్తుంది. అయిదేళ్ల తరువాత మీ మీద దావా వేసినప్పుడు అదే మనిషి నమూనా అంటే ఏదైనా సరే అంటాడు. రెండు పడవల మీద కాళ్లు పెట్టడాన్ని చట్టం ఒప్పుకోదు.

వదులుకున్నట్టు నిరూపించాలంటే ఆ మాట స్పష్టంగా, పొరపాటుకు తావు లేకుండా ఉండాలి. 2003 నాటి ఒమెగా ఇంజినీరింగ్ తీర్పు కోరేది అదే. రెండు రకాలుగా చదవగలిగే వాక్యం చాలదు. క్లెయిమును నిజంగా సవరించి ఇరుకు చేసి ఉంటే, 2002 నాటి ఫెస్టో తీర్పు ప్రకారం, వదిలేసిన భాగాన్ని "సమానమైనదే" అంటూ వెనక దారిన తెచ్చుకోవడం కష్టం.

చదివే తీరు ఇది: మొదటి రోజు దాఖలైన క్లెయిములను, మంజూరైన క్లెయిములను పక్కపక్కన పెట్టండి. కొత్తగా చేరిన ప్రతి మాటకు, అది ఏ ఉత్తరంలో, ఏ ప్రయర్ ఆర్ట్‌ను (అంతకు ముందే ఉన్న పనిని) తప్పించుకోవడానికి చేరిందో తేదీతో రాయండి. మన క్లెయిములో "రియల్ టైమ్‌లో" అన్నది మొదట లేకుండా రెండో ఉత్తరంలో చేరిందనుకోండి. దాని చుట్టూ చేసిన వాదనే దాని అర్థం.

ఎనిమిదో మెట్టు: "మాడ్యూల్" దగ్గర ఆగండి

అమెరికా చట్టం సెక్షన్ 112(ఎఫ్) ఒక వెసులుబాటు ఇస్తుంది: నిర్మాణం చెప్పకుండా "ఫలానా పని చేసే సాధనం" అని క్లెయిము చేయవచ్చు. బదులుగా పరిధి స్పెసిఫికేషన్‌లో వర్ణించిన నిర్మాణానికి, దాని సమానాలకే కుదించుకుపోతుంది. సాఫ్ట్‌వేర్‌లో ఆ నిర్మాణం అంటే అల్గారిథమే. 1999 నాటి డబ్ల్యూఎమ్‌ఎస్ గేమింగ్ తీర్పు నుంచి ఇదే నియమం. అల్గారిథమ్ వర్ణించకపోతే క్లెయిము అస్పష్టమై పడిపోతుంది.

"సాధనం" అన్న మాట వాడకపోతే బతికిపోవచ్చని చాలాకాలం అనుకునేవారు. 2015లో విలియమ్సన్, సిట్రిక్స్ వ్యాజ్యం ఆ భ్రమ తొలగించింది. "మాడ్యూల్" కూడా సాధనానికి మారుపేరేనంది. పద్ధతి క్లెయిము కాబట్టి ఈ బెడద లేదనుకునేవారికి 2021 నాటి రెయిన్ కంప్యూటింగ్, శాంసంగ్ తీర్పు జవాబు: పద్ధతి క్లెయిములో వచ్చిన "వినియోగదారు గుర్తింపు మాడ్యూల్"కు అదే గతి పట్టింది.

మన "సిమ్యులేషన్ మాడ్యూల్" సరిగ్గా ఈ వలలో పడుతుంది. స్పెసిఫికేషన్‌లో ఏముందో చూడండి. బొమ్మలో ఒక డబ్బా గీసి "సిమ్యులేషన్ మాడ్యూల్ 120" అని రాసి వదిలేస్తే క్లెయిము ప్రమాదంలో ఉంది. 1985 నాటి బెర్నార్డి ఉష్ణ సమీకరణంతో వేడి లెక్కించి, దానిని ప్యాక్ ఉష్ణ వాహకతతో కలిపే దశలు వరుసగా ఉంటే క్లెయిము నిలుస్తుంది, అయితే ఆ దశల మేరకే. "బ్యాటరీ మాడ్యూల్" మాత్రం వేరు. అది నిర్మాణాన్ని చెప్పే మాటే, ఈ గొడవ దానికి లేదు.

"కాన్ఫిగర్ చేసిన" అన్నది ఈ కుటుంబంలోనిదే. చేయగలిగితే చాలా, నిజంగా ఆ పనికి సిద్ధం చేసి ఉండాలా? 2011లో టైఫూన్ టచ్, డెల్ వ్యాజ్యంలో, చెప్పిన పనికి నిజంగా ప్రోగ్రామ్ చేసి ఉండాలనే అర్థం నిలిచింది. సాధారణ సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్ అమ్మేవారికి ఈ తేడా పెద్దది. వాడుకరి స్వయంగా స్క్రిప్టు రాస్తే తప్ప ఆ పని జరగదంటే వాదన మారుతుంది.

తొమ్మిదో మెట్టు: సంఖ్య కనబడితే కొలత ఎలాగో అడగండి

బ్యాటరీ క్లెయిముల్లో సంఖ్యలు స్పష్టతనిచ్చినట్టు కనబడి మోసం చేస్తాయి. గరిష్ఠ ఉష్ణోగ్రత ఎక్కడిది? సెల్ ఉపరితలానిదా, లోపలి చుట్టదా, మెష్‌లో అత్యంత వేడి బిందువుదా? పెద్ద సెల్‌లో వేగంగా ఛార్జ్ చేస్తే లోపలికీ పైకీ ఉండే తేడాతోనే 45 డిగ్రీల గీత దాటవచ్చు, దాటకపోవచ్చు.

సామర్థ్యం ఇంతకంటే జారుడు మాట. "80 శాతం సామర్థ్యం" అంటే కొత్త సెల్‌లో కొలిచినదానిలోనా, లేబుల్ మీద రాసినదానిలోనా? ఏ వేగంతో డిశ్చార్జ్ చేస్తే వచ్చింది? చేతిలో పట్టుకునే పరికరాల సెల్‌లకు ఐఈసీ 61960 ప్రమాణం అయిదు గంటల వేగాన్ని వాడుతుంది. విద్యుత్ వాహనాల సెల్‌లకు ఐఈసీ 62660-1 మూడు గంటల వేగాన్ని, హైబ్రిడ్ వాహనాలకు గంట వేగాన్ని చెబుతుంది. ఒకే సెల్ మూడు సంఖ్యలిస్తుంది. ఎనర్జైజర్ క్లెయిము రాసినవారికి ఈ బాధ తెలుసు. 2.88 ఆంపియర్ల వద్ద 161 నిమిషాలు అని పరీక్షను క్లెయిములోనే బిగించారు.

అలా బిగించకపోతే ఏమవుతుందో టెవా, శాండోజ్ వ్యాజ్యం చూపింది. క్లెయిములో "అణుభారం 5 నుంచి 9 కిలోడాల్టన్లు" అని ఉంది. పాలిమర్‌కు అణుభారాన్ని మూడు రకాల సగటుల్లో ఏదో ఒకటిగా చెప్పవచ్చు, అందులో ఏదో చెప్పలేదు. 2015లో సుప్రీంకోర్టు దాకా వెళ్లి తిరిగొచ్చి చివరికి అస్పష్టతతో ఓడింది. కాబట్టి కొలత పద్ధతి స్పెసిఫికేషన్‌లో వెతకండి. లేకపోతే వేర్వేరు పద్ధతుల్లో మీ ఫలితం గీతకు ఏ పక్కన పడుతుందో లెక్కించి రాసి పెట్టుకోండి.

"దాదాపు" విషయంలో 1980లో బ్రిటన్ ప్రభువుల సభ (అప్పట్లో అక్కడి అత్యున్నత న్యాయస్థానం) తేల్చిన కాట్నిక్ వ్యాజ్యం ఇప్పటికీ ముచ్చటగా ఉంటుంది. తలుపు మీది ఉక్కు దూలంలో వెనక పలక "నిలువుగా" ఉండాలని క్లెయిము. పోటీదారు దానిని ఆరు, ఎనిమిది డిగ్రీలు వంచి తప్పించుకున్నాననుకున్నాడు. భవన నిర్మాణం తెలిసినవారు ఆ వంపును నిలువే అంటారని సభ చెప్పింది. భారత కోర్టు తీర్పుల్లోనూ ఈ వ్యాజ్యం ప్రస్తావన కనబడుతుంది. దీనికి ఎదురుగా 2004 నాటి షెఫ్ అమెరికా ఉంది. పిండిని 400 నుంచి 850 ఫారెన్‌హీట్ డిగ్రీలకు వేడి చేయాలని క్లెయిము. పొయ్యిని కాక పిండినే అంత వేడి చేస్తే బొగ్గవుతుంది. అయినా రాసినది రాసినట్టే చదువుతామని, మేము దిద్దబోమని కోర్టు తేల్చింది. అర్థవంతమైన ఫలితం కోసం కోర్టు మాటను సాగదీస్తుందని నమ్ముకోకండి.

పదో మెట్టు: బయటి పుస్తకాలు చివర్లో

నిఘంటువులు, పాఠ్యపుస్తకాలు, ప్రమాణాలు, నిపుణుల సాక్ష్యం అన్నీ బయటి ఆధారాలు. పేటెంటులోని ఆధారాన్ని ఇవి కాదనలేవు. పనికి వచ్చేవి ప్రాధాన్యత తేదీకి ముందు వచ్చినవే. 2013 నాటి మాటకు 2024 నాటి వ్యాసం నుంచి అర్థం తేకూడదు. ఆనాటి సాఫ్ట్‌వేర్ మాన్యువళ్లు ఈ రంగంలో మంచి సాక్షులు, ఎందుకంటే వాటిలో మాట వాడుకలో ఎలా ఉందో కనబడుతుంది.

పదకొండో మెట్టు: రాసి, రెండు పక్కలా పరీక్షించండి

ప్రతి మాటకు విశాలార్థం, ఇరుకర్థం, మీకు సరైనదనిపించే అర్థం, మూడూ రాయండి. ఒక్కోదాని కింద ఆధారాన్ని కాలమ్, వరుస సంఖ్యలతో చూపండి. ఆధారం లేని అర్థాన్ని కొట్టేయండి.

ఇప్పుడు కుడి గడి తెరవవచ్చు. అందులో ఒక నిలువు వరుస మీ ఉత్పత్తికి, మరొకటి ప్రాధాన్యత తేదీకి ముందున్న అత్యంత దగ్గరి పనికి. ఒకే అర్థాన్ని రెండింటికీ వర్తింపజేయాలి. న్యూరల్ నెట్‌వర్క్ కూడా విద్యుద్రసాయన నమూనాయేనన్నంత విశాలార్థంలో మీరు పరిధిలో పడుతున్నారంటే, ఆ అర్థంలోనే 2013కు ముందటి ఏదో ఒక ప్రోగ్రాము కూడా పడుతుందేమో చూడండి. పడితే క్లెయిము కొత్తదనం కోల్పోతుంది. పేటెంటుదారును ఇరుకున పెట్టేది సాధారణంగా ఈ పట్టికే.

దేశాన్ని బట్టి పట్టిక ప్రతి వేరుగా ఉంచండి. అమెరికా పేటెంట్ కార్యాలయం దరఖాస్తును పరీక్షించేటప్పుడు సహేతుకమైన అత్యంత విశాలార్థం తీసుకుంటుంది. మంజూరైన పేటెంటు మీద అక్కడి అప్పీళ్ల బోర్డు ముందు 2018 నవంబరు 13 నుంచి వేసిన సవాళ్లకు మాత్రం కోర్టుల్లోలాగా ఫిలిప్స్ పద్ధతే. యూరప్‌లో క్లెయిము స్పష్టంగానే ఉన్నా వివరణను, బొమ్మలను ఎప్పుడూ చూడాలని 2025 జూన్‌లో జీ 1/24 నిర్ణయం తేల్చింది. భారత్‌లో పరిధిని నిర్వచించేది క్లెయిములేనని సెక్షన్ 10(4) చెబుతుంది. వాటిని ఎలా అన్వయించాలన్నదానికి 2015లో రోష్, సిప్లా వ్యాజ్యంలో ఢిల్లీ హైకోర్టు ఇచ్చిన తీర్పు చదవదగినది. విషయం క్యాన్సర్ మందు అయినా పద్ధతి మనకు పనికొస్తుంది.

చివరిగా, కుటుంబ వృక్షం. అదే స్పెసిఫికేషన్ మీద అమెరికాలో కొనసాగింపు దరఖాస్తు ఇంకా పెండింగులో ఉంటే, పేటెంటుదారు మీ ఉత్పత్తిని చూసి కొత్త క్లెయిములు రాసుకోగలడు. మీరు ఎంతో శ్రమపడి ఇరుకు చేసిన "సిమ్యులేషన్ మాడ్యూల్" అందులో ఉండకపోవచ్చు. అలాంటి దరఖాస్తు కనబడితే పట్టిక పై భాగాన దాని నంబరు రాసి, కొన్ని నెలలకోసారి పేటెంట్ సెంటర్‌లో దాని స్థితి చూసే పనిని ఒకరికి పేరు పెట్టి అప్పగించండి.